వై కొట్టాల్సిన మనిషి

తెర అడుగున చిన్న గడియారం బొమ్మ వచ్చి కూర్చుంది, ఇక కదలదు. ఏ మీట నొక్కినా అక్షరం పడదు. కొత్తవాళ్ళయితే మిషన్ ఆలోచిస్తోందనుకుంటారు, కానీ పెద్దాయన ఆలోచించడం ఎప్పుడో అయిపోయింది. ఆఫీసు మొత్తానికీ ఒక్కటే అయిన ఈ పెద్ద కంప్యూటర్‌ని, మెయిన్‌ఫ్రేమ్‌ని, మేమంతా పెద్దాయన అనే అంటాం, మా అందరికంటే ముందు నుంచీ ఉన్నాడు కాబట్టి, ఎవరి మాటా ఒక పట్టాన వినడు కాబట్టి. ఆయన ఇప్పుడు కింద అంతస్తులో ఉన్న ఆపరేటర్‌ని ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చున్నాడు. ఫలానా అడ్మిన్ వరసగా తప్పు పాస్‌వర్డ్ కొడుతోంది, ఇంకొక్కసారి ప్రయత్నించనివ్వాలా, వద్దా? ఇవ్వాలంటే వై కొట్టు, వద్దంటే ఎన్ కొట్టు. మామూలు ఉద్యోగి తప్పు కొడితే పెద్దాయన ఎవర్నీ అడగడు, మెడపట్టి బయటికి గెంటేస్తాడు, వాళ్ళు ఏడుపు మొహాలతో నా దగ్గరికి వస్తారు, నేను నాలుగు చీవాట్లు పెట్టి తాళం తీస్తాను. ఆ తాళాలు తీసే మనిషే తన తాళం మర్చిపోతే తీయడానికి ఇంకెవరూ ఉండరు గనక, ఆ ఒక్కరి విషయంలో మాత్రం ఆయనకి కాస్త జాలి ఉంది, ఇంకో మనిషిని అడిగి చూస్తాడు. ఈ భవనం మొత్తం మీద ఆ జాలికి నోచుకున్నది నేనొక్కదాన్నే.

నోచుకున్నాను సరే, ఇవాళే నోచుకోవాలా. ఆదివారం మధ్యాహ్నం, అంతస్తంతా ఖాళీ, కుర్చీలన్నీ బల్లల కిందికి తోసి ఉన్నాయి, శుక్రవారం ఎవరో వదిలేసిన కప్పులో టీ అట్టకట్టింది, ఏసీ ఆపేశారు గనక గోడల్లోంచి వేడి దిగుతోంది. అట్టకట్టిన టీ మీద ముడత కూడా కనిపిస్తోంది నాకు ఇక్కడి నుంచి. కంటి ఆపరేషన్ తర్వాత లోకం అవసరానికి మించి కనిపిస్తోంది. రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు, ఒకదాని తర్వాత ఒకటి, నెలన్నర సెలవు. అంతకుముందు చాలా ఏళ్ళు కీబోర్డు మీద అక్షరాలు నాకు మసకే, చూడకుండా కొట్టేదాన్ని, పాస్‌వర్డ్ అయితే మరీను. అది అక్షరాలుగా నాకెప్పుడూ తెలియదు, వేళ్ళకి తెలుసు. పై వరసలో మొదలై కిందికి దిగి పక్కకి తిరిగి మళ్ళీ పైకెక్కే ఒక దారి, ఇంటికెళ్ళే సందులాంటిది, ఎవరైనా అడిగితే గుర్తులు చెప్పలేం, కాళ్ళు తీసుకెళ్తాయి. మూడు నెలలకోసారి మార్చాలని రూలు, అప్పుడల్లా ఆ దారినే ఒక మీట పక్కకి జరిపేదాన్ని, ఇంకెవరైనా అలా చేస్తే మాత్రం చెవి మెలేసేదాన్ని. ఇవాళ వచ్చి కూర్చుని కిందికి చూస్తే ప్రతి మీటా కడిగి బోర్లించిన గిన్నెలా మెరుస్తోంది. వేళ్ళు సిగ్గుపడి ఆగిపోయాయి. మొదలు ఈ మీటా, దీని పక్కదా, ఎంతవరకు జరిపాను? కళ్ళు మూసుకుని కొట్టాను, తప్పు. మళ్ళీ కొట్టాను, తప్పు. కళ్ళొచ్చాయి, వేళ్ళు పోయాయి. నాలో నేనే నవ్వుకుంటూ ఇంకోటి కొట్టాను, గడియారం వచ్చి కూర్చుంది.

ఏం పని మీద వచ్చానో గుర్తొచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. అరనిమిషం పని. ఒక ఐడీ తీసేయాలి. ఇప్పుడు కింద గదిలో ఆ ప్రశ్న ముందు కూర్చున్నాడే, అతనిదే. ఆపరేటర్లని ఒక్కొక్కరినే తీసేస్తూ వచ్చారు, చివరికి ఇతనొక్కడు మిగిలాడు, ఇతని చోట ఒక ప్రోగ్రాం పెడుతున్నారు, సోమవారం నుంచి పెద్దాయన ఏం అడిగినా అదే జవాబు చెబుతుందట. శుక్రవారం సాయంత్రం, సెలవు అయిపోయిందని కాగితం ఇచ్చి పోదామని నేనొస్తే, మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చి కాసేపు నీళ్ళు నమిలాడు, చిన్నవాడు, నా సర్వీసంత వయసుండదు. “ఆదివారం షిఫ్టుతో సరి మేడమ్. ఆ తర్వాత అతని ఐడీ తీసేయండి. సోమవారం వచ్చి కూర్చుంటే మళ్ళీ ఇబ్బంది.” “అతనికి చెప్పారా?” “చెప్పాం, చెప్పాం.” రెండుసార్లు అన్నాడంటే ఒక్కసారి కూడా చెప్పలేదని. చెప్పి రండి ముందు అనబోయి ఊరుకున్నాను, అంటే ‘మీ బంధువే కదా మేడమ్, మీరే చెప్పండి’ అంటాడని భయం. పాతవాళ్ళెవరో చెప్పి ఉంటారు, ఇంకా ఆ మాట ఈ గోడల మధ్య తిరుగుతూనే ఉంది. సరే, అతని షిఫ్టు అయ్యేలోపు లోపలికి వెళ్ళి సిద్ధంగా కూర్చుంటాను, అతను లేచి ఇంటికెళ్ళాక తీసేస్తాను, ఎదురుపడే పని ఉండదు అనుకుని బయల్దేరాను. ఇప్పుడు చూస్తే అతను వై కొడితే తప్ప నేను అతన్ని తీసేయలేను.

పోనీ ఫోన్ చేసి అడుగుదామా అంటే నేను చేయకూడదు. ఎవరైనా దొంగ నా కుర్చీలో కూర్చుని ‘నేనే, వై కొట్టు’ అనొచ్చు కదా, అందుకని ఆపరేటరే అడ్మిన్ బల్ల మీది ఫోనుకి చేయాలి, గొంతు గుర్తుపట్టాలి, ఏం పని మీద లోపలికి వెళ్తున్నారని అడగాలి, అప్పుడు గానీ వై కొట్టకూడదు. ఈ రూలు పెట్టింది నేనే. మీటింగులో అందరూ ఎంత ముందుచూపు మేడమ్ అని మెచ్చుకున్నారు కూడా. ఆ ముందుచూపు ఇవాళ నన్ను ఇలా కూర్చోబెట్టింది, ఫోను నా చేతికి అందేంత దూరంలో ఉంది, కళ్ళల్లో వత్తులు వేసుకుని దాన్నే చూస్తున్నాను, కొత్త లెన్సుల్లో దాని తీగలో పడిన మెలికలన్నీ లెక్కపెట్టొచ్చు. ప్రశ్న అతని తెర మీద ఎర్రగా పడి ఉంటుంది, చూడకుండా ఉండడు, ఆ గదిలో చూడ్డానికి ఇంకేం ఉంది గనక. చూసి కూర్చున్నాడు. ఎందుకు చేయట్లేదో నాకు తెలుసు. చేస్తే ఏదో ఒకటి అనాలి కదా, మొదటి మాట.

మా చెల్లి మొగుడు అతను. ఒకప్పుడు. ఆ సంబంధం తెచ్చింది నేనే. కొత్తగా ఆపరేటర్‌గా చేరిన రోజుల్లో అతని మొహం చూడకముందే నెలల తరబడి ఫోనులోనే మాట్లాడాను, టేపు ఎక్కించాను మేడమ్, టేపు దించాను మేడమ్ అనే మాటలే, కానీ చెప్పే తీరుకి నాకు నవ్వాగేది కాదు. పెద్దాయనకి ఇవాళ మలబద్ధకం మేడమ్, పొద్దుట్నుంచి ఒక్క రిపోర్టూ రాలేదు, అనేవాడు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుంది అనిపించింది. ఎవరింట్లో అని నన్ను నేను అడగలేదు. చెల్లికి పెళ్ళీడు, నాకు ఆ వయసు దాటిపోయిందని ఇంట్లో అందరూ ఎప్పుడో తేల్చేశారు, నేనూ తేల్చుకున్నాను, కాబట్టి చెల్లికి చూశాను. పెళ్ళయిన మర్నాడే ఆఫీసు ఫోనులో వదినా అని పిలిచాడు. ఆఫీసులో వదినేంటయ్యా అంటే, మరి ఇంట్లో మేడమ్ అనమంటారా అన్నాడు. అతని మాటకి నేనూ మరిదిగారూ అని సాగదీసి పిలిచేదాన్ని, నాకంటే అంత చిన్నవాణ్ణి గారూ అనడం ఒక సరదా. అప్పుడప్పుడూ నేను పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఇలాగే ఇరుక్కుంటే వెంటనే ఫోను మోగేది, మా ఆవిడ అలిగి రెండ్రోజులయింది, ఎలా దించాలో చెప్తే గానీ వై కొట్టను వదినా, అనేవాడు. నేను చిలక్కి చెప్పినట్టు చెప్పేదాన్ని. అవన్నీ రికార్డవుతాయేమో అని భయం కూడా ఉండేది కాదు.

అలక దించడాలు ఎన్నాళ్ళు సాగుతాయి. చెల్లి ఒకరోజు సంచీతో వచ్చేసింది. “అక్కా, నువ్వు తెచ్చిన మనిషి మంచోడే. కొట్టడు, తిట్టడు, తాగడు. కానీ బెల్లం కొట్టిన రాయి. ఇంటికొచ్చి వచ్చాను అంటాడు, తిని పడుకుంటాను అంటాడు. ఆ మిషన్‌తో మాట్లాడినంత నాతో మాట్లాడితే చాలనుకున్నాను, అదీ లేదు.” నేను నమ్మలేదు. నాతో గలగలా మాట్లాడే మనిషేనా? తర్వాత గమనించాను, నిజమే, ఎదురుగా ఉంటే నోరు పెగలదు అతనికి, మొహం కనిపించకపోతేనే మాటలొస్తాయి. చెల్లికి దొరికింది మొహం, నాకు దొరికింది గొంతు. మా ఇంట్లో కూర్చుని మాట్లాడారు, అమ్మా, పెదనాన్నా, మేనత్తా, చెల్లి, అందరూ, అతను తప్ప. ఇక ఆ మనిషి మనకేమీ కాడు అని అమ్మ తేల్చేసింది. చెల్లికి మంచే జరిగింది, ఇప్పుడు వేరే ఊళ్ళో వాగుడుకాయ లాంటి మొగుడితో హాయిగా ఉంది, ఫోన్ చేస్తే వెనకాల అతని గొంతే వినిపిస్తుంది.

మరి నాకు? ఏమీ కాడు అన్న మర్నాడు ఆఫీసుకొచ్చాను, కారిడార్‌లో ఎదురొచ్చాడు, పిలుద్దామని నోరు తెరిచాను, ఏమని పిలవాలి? మరిది కాదు. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడు పిలిస్తే కొత్త మనిషిని పిలిచినట్టుంటుంది. ఏమండీ అనలేను, ఒరేయ్ అనలేను. అతనూ నోరు తెరిచాడు. వదినా అనకూడదు, మళ్ళీ మేడమ్ అంటే అన్నాళ్ళదీ అబద్ధమైపోతుంది. ఇద్దరం నోళ్ళు తెరుచుకుని ఒక క్షణం నిలబడి పక్కకి తప్పుకున్నాం. పోట్లాట లేదు, కోపం లేదు, ఒక్క పిలుపు దొరక్క ఎనిమిదేళ్ళు మాట్లాడుకోలేదంటే ఎవరైనా నమ్ముతారా. పని ఆగలేదు, తెర మీద రాసుకునేవాళ్ళం, బ్యాకప్ అయింది, సరే, టేపులు మార్చాను, సరే. పిలుపు లేకుండా మొదలయ్యే వాక్యాలు ఎన్నున్నాయో అప్పుడే తెలిసింది. వాళ్ళిద్దరి పెళ్ళి చెడితే వాళ్ళిద్దరూ బాధపడ్డారు, సర్దుకున్నారు. నాకు చెడడానికి పెళ్ళే లేదు, అయినా నాకున్న ఒక్క స్నేహితుడు పోయాడు, పోయాడని ఏడవడానికి నాకు ఏ వరసా లేదు.

గడియారం బొమ్మ అలాగే ఉంది. ఇంకా చేయలేదు. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను, కాలుగాలిన పిల్లిలా. నేను కిటికీ దగ్గరుండగా మోగితే ఎలా అని మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఆస్పత్రిలో కూడా ఇలాగే కూర్చోబెట్టారు, వెంట ఎవరొచ్చారమ్మా అని నర్సు అడిగింది, బయట ఉన్నారు అన్నాను. బయట అంటే బయట చాలామందే ఉన్నారు, రోడ్డు నిండా. చుక్కల మందు గంటగంటకీ వేసుకోవాలి, వెల్లకిలా పడుకుని సీసా పైకెత్తి గురిచూస్తే చుక్క కంట్లో తప్ప అంతటా పడేది, ముక్కు మీద, చెవిలో. ఒంటికాయ సొంఠికొమ్మునని అలవాటే, ఎప్పుడూ పట్టించుకోలేదు, కానీ చెవిలోకి జారిన ఆ చల్లటి చుక్క తుడుచుకుంటూ ఒకరోజు మధ్యాహ్నం చాలాసేపు ఏడ్చాను. కళ్ళకి మంచిది కాదని డాక్టరు చెప్పినా. ఆపరేషన్ చేసిన కంట్లోంచి కూడా నీళ్ళు మామూలుగానే వచ్చాయి.

ఎన్ కొడతాడా? కొట్టొచ్చు. కొడితే నా ఐడీ మూసుకుపోతుంది, తయారుచేసిన కంపెనీ నుంచి ఇంజనీరు రావాలి, మొత్తం మిషన్ ఆపి మళ్ళీ లేపాలి, అందరి ముందూ. అడ్మినే పాస్‌వర్డ్ మర్చిపోయిందట. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషిని, ఇదొక్క పేరే నాకు మిగిలింది, ఎప్పుడూ ఏదీ మర్చిపోదని. ఆ వెంటనే ఇంకోటి తోచింది. ఎన్ కొడితే అతని ఐడీ తీసేవాళ్ళు ఉండరు. ఆ ఇంజనీరు వచ్చేదాకా అతను రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చోవచ్చు. అది తోచాక భయం కొంచెం తగ్గింది, అంతలో ఫోను మోగింది.

“కన్సోల్ రూమ్,” అన్నాడు. ఆ గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే. “అడ్మిన్ ఐడీ మీద ప్రశ్న వచ్చింది. మాట్లాడేది ఎవరు?” పేరు చెప్పాను, ఉద్యోగి నంబరు చెప్పాను, ఎవరో అపరిచితుడికి చెప్పినట్టే. “గొంతు గుర్తుపట్టాలి. రూలు.” “పట్టావా?” “పట్టాను.” నేను ఫోను చెవికేసి నొక్కుకున్నాను. “చాలాసార్లు ఎత్తి పెట్టేశాను, అందుకే ఆలస్యం,” అన్నాడు, “ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.” “కన్సోల్ రూమ్ అని మొదలుపెట్టావుగా.” “అదే దొరికింది వదినా.” అనేశాక ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అంత తేలిగ్గా వచ్చేసింది, ఎనిమిదేళ్ళు దాన్ని మొయ్యలేక పక్కన పెట్టినవాళ్ళం. ఏమీ కానట్టు గొంతు సర్దుకున్నాడు. “ఏం పని మీద లోపలికి వెళ్తున్నారు? ఇదీ రూలే.”

బ్యాకప్ చూడాలని అనొచ్చు. పాత ఫైళ్ళు సర్దాలని అనొచ్చు, నమ్ముతాడు. నోటిదాకా వచ్చింది కూడా. “ఒక ఐడీ తీసేయాలి,” అన్నాను. “ఎవరిది?” అది రూల్లో లేదు, అడగక్కర్లేదు అతను. “నీది.” నేనే మళ్ళీ అడిగాను, “నీకు చెప్పలేదా వాళ్ళు?” “మొన్న నా కుర్చీ పక్కన ఒక కొత్త డబ్బా పెట్టి వెళ్ళారు. ఏంటిది అంటే, మీ పని తగ్గించడానికి అన్నారు. ఎంత తగ్గిస్తారో అడగలేదు నేను.” నవ్వించడానికే అన్నాడు, నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది, ఆ మేనేజర్ మీద, ఆ డబ్బా మీద, ఇంత తెలిసీ చెప్పకుండా ఆదివారం మధ్యాహ్నం దొంగలా వచ్చి కూర్చున్న నా మీద. “ఎన్ కొట్టు,” అన్నాను. “ఏంటి?” “ఎన్ కొట్టు. నేను మూసుకుపోతాను, నిన్ను తీసేవాళ్ళు ఉండరు. ఇంజనీరు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.” “ఆ రెండు మూడు వారాలూ నేనేం చేస్తాను?” “వచ్చి కూర్చుంటావు. ఎప్పుడూ చేసేదేగా.” “మీ పేరేమవుతుంది? పైనుంచి కిందిదాకా నవ్వుతారు.” “నవ్వనీ.” “వద్దు వదినా,” అన్నాడు, మెల్లగా, నేనేదో బరువు ఎత్తబోతుంటే ఆపినట్టు. “మీరు నవ్వులపాలైతే ఆ కుర్చీలో నాకేం బాగుంటుంది.” టక్ అని మీట చప్పుడు వినిపించింది. గడియారం పోయింది. వై కొట్టేశాడు.

కొట్టాను, తప్పు. గడియారం వచ్చింది. “మళ్ళీ అడుగుతోంది,” అన్నాడు. “మళ్ళీ కొట్టు.” టక్. తప్పు. టక్. ఒక మీట కుడికి జరిపి చూశాను, తప్పు, ఎడమకి జరిపి చూశాను, తప్పు. “తొందరేం లేదు,” అన్నాడు, “ఇవాళ ఎన్నిసార్లడిగినా కొడతాను. చూసి కొట్టండి.” “చూస్తేనే రావట్లేదురా నాయనా, కళ్ళు బాగవడమే వచ్చింది తంటా.” “ఎలా ఉన్నాయి కళ్ళు?” “నీకెవరు చెప్పారు?” “ఎవరూ చెప్పలేదు, నేనే అడిగి తెలుసుకున్నాను. పొద్దున్నే నా తెర మీద మొదట వచ్చే ఐడీ మీదే కదా. ఒకరోజు రాలేదు. ఆలస్యమేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు. నెలన్నర, పొద్దున్న రాగానే అదే చూసేవాణ్ణి, మీ పేరుండే చోట ఇంకెవరెవరివో పేర్లు వస్తుండేవి. ఒకసారి మీ ఇంటి సందు చివరిదాకా వచ్చాను, వచ్చి ఏమని పిలుస్తాను, తలుపు కొట్టి...” వింటున్నాను, అతను సందు చివర నిలబడ్డాడు, నేను లోపల చెవిలో పడ్డ చుక్క తుడుచుకుంటున్నాను, రెండూ ఒకే రోజు కాకపోవచ్చు, అయి కూడా ఉండొచ్చు. తెర మారిపోయింది. చూస్తే లోపల ఉన్నాను. నా వేళ్ళు ఎప్పుడు కొట్టాయో, ఏం కొట్టాయో నాకు తెలియదు. “వచ్చేశారు,” అన్నాడు అతను, నాకంటే ముందే చూసి.

“ముందు పాస్‌వర్డ్ మార్చుకోండి. నోటితో చెప్పగలిగేది పెట్టుకోండి, వేళ్ళతో కాదు. రేపట్నుంచి పెద్దాయన ఏం అడిగినా ఆ డబ్బా ఎన్ కొడుతుంది, దానికి ఆ ఒక్కటే నేర్పారు.” మార్చుకున్నాను. మనసులో రెండుసార్లు పలికి చూసుకున్నాను, అతను ఆగాడు. “అయిందా?” “అయింది.” “అయితే ఇక నాది చూడండి.” “నువ్వు ఇంటికెళ్ళాక చూస్తాను. షిఫ్టు కానీ.” “ఇప్పుడే తీయండి వదినా. నేను లేనప్పుడు వద్దు. ఆ రోజు మీ ఇంట్లో అందరూ కూర్చుని తేల్చినప్పుడు కూడా నేను లేను. ఈసారైనా ఉండనివ్వండి.” ఆ రోజు నేను ఉన్నాను, అతన్ని కూడా పిలవండి అని ఒక్కరమూ అనలేదు. ముందు అతని సెషన్ ఆపాలి, తర్వాత పేరు తీయాలి, రెండు వరసల పని. మొదటిది కొట్టాను. “ఇక్కడ తెర నల్లబడింది,” అన్నాడు. రెండోది టైపు చేసి ఆగాను, పెద్దాయన ఏమైనా అడుగుతాడేమో, నిజంగా తీయాలా అనో, ఇంకెవర్నైనా కనుక్కోమనో. నేను నాలుగు అక్షరాలు తప్పు కొడితే మనిషిని పిలిచి అడిగినవాడు, ఇన్నేళ్ళ మనిషిని తీసేస్తుంటే ఒక్క ముక్క అడగలేదు. మీట నొక్కగానే తీసేశానని చెప్పాడు. “అయిపోయిందా?” అన్నాడు అతను. “అయిపోయింది.” “నొప్పేమీ లేదు,” అన్నాడు, ఈసారి నేను నవ్వాను.

నవ్వాక ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టేయలేదు. అవతల కుర్చీ జరిపిన చప్పుడు, సంచీలో ఏదో సర్దుతున్న చప్పుడు, అడుగులు దూరంగా వెళ్ళి మళ్ళీ వచ్చాయి. “వదినా, తలుపు తెరుచుకోవట్లేదు.” నాలుక కరుచుకున్నాను. ఐడీ పోతే దాంతోపాటు తలుపు కార్డూ పోతుంది, ఆ మాత్రం నాకు తెలియదా, నేను చేసిన ఏర్పాటే అది కూడా. “ఉండు, వస్తున్నా.” రిసీవర్ బల్ల మీద పెట్టి మెట్లు దిగాను, లిఫ్టు కోసం ఆగకుండా, మెట్ల అంచులు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే తొక్కడానికి భయమేసింది. నా కార్డు ఆనించి తలుపు లాగాను. చల్లగాలి మొహాన కొట్టింది. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, లోపలి చలికి వేసుకునే స్వెట్టర్ విప్పి చేతి మీద వేసుకుని, భుజాన సంచీ. ఇన్నేళ్ళూ నాకు అతను కారిడార్ చివర మసకగా కదిలే ఒక చొక్కా మాత్రమే. జుట్టు ఇంత నెరిసిందా. కనుబొమల్లో కూడా తెల్లవి. ఎడమ చెంప మీద గడ్డం సరిగా గీసుకోలేదు, చెప్పేవాళ్ళు ఉండరు కదా, నాకూ అంతే, జాకెట్టు తిరగేసి తొడుక్కున్నా ఆఫీసుకొచ్చేదాకా తెలియదు.

ఫోనులో అంత మాట్లాడినవాడు ఎదురుపడగానే మూగవాడైపోయాడు. తలుపు నేను పట్టుకుంటేనే తెరిచి ఉంటుంది, కాబట్టి పట్టుకుని నిలబడ్డాను, అతను నన్ను తగలకుండా పక్కకి ఒదిగి బయటికి వచ్చాడు. ఒకసారి వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు, లైట్లు ఆర్పానో లేదో చూసుకున్నట్టు. అవి ఎప్పుడూ ఆర్పరు. “వెళ్ళొస్తాను వదినా,” అన్నాడు. అందరం అనేదే, పోతాను అనం కదా ఎవరం. ఎక్కడికొస్తాడు, కార్డు లేదు, కుర్చీ లేదు. “ఇంటికి రా అప్పుడప్పుడు,” అన్నాను, “సందు తెలుసుగా.” తల ఊపాడు. వస్తానని చెప్పడానికీ మనం అలాగే ఊపుతాం, రానని తెలిసి పోనీలే అనడానికీ అలాగే ఊపుతాం, ఇంత మంచి కళ్ళతో చూసినా అది ఏదో నాకు తెలియలేదు. లిఫ్టు వచ్చింది, ఎక్కాడు, తలుపులు మూసుకునేటప్పుడు స్వెట్టర్ చెయ్యి కొంచెం బయటికి వేలాడితే లోపలికి లాక్కున్నాడు.

పైకొచ్చాను. ఎక్కిన మెట్లు ఇందాకటివేనా అనిపించింది, ఇన్ని లేవు దిగేటప్పుడు. తెర మీద ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళెవరో చూశాను, పని అయింతర్వాత అలా చూడటం అలవాటు. ఒకే ఒక్క పేరుంది, నాదే. బయటికి వచ్చేయడానికి చెయ్యి చాచాను, అప్పుడు కనిపించింది, బల్ల మీద రిసీవర్ నేను పెట్టినచోటే పక్కకి ఒరిగి ఉంది. అతనూ అక్కడ అలాగే వదిలేసి వచ్చేసినట్టున్నాడు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. కింద ఖాళీ గదిలో పెద్దాయన చేసే రొద ఒక్కటే సన్నగా వినిపిస్తోంది, మధ్యలో ఎవరూ ఏమీ అనడం లేదు. వెంటనే పెట్టేయబుద్ధి కాలేదు.